గురువారం బిళ్ళ

క్లబ్బు వెనక గది,
గురువారం, ఫిబ్రవరి 15

మరదలు పిల్లకి,

నువ్వు వెళ్ళి ఐదు వారాలైంది. ఆరు వారాల్లో వస్తానన్నావు కాబట్టి ఈ ఉత్తరం అందేసరికి సంచీ సర్దుకుంటూ ఉండాలి. సర్దుకోకపోతే ఇప్పుడు మొదలుపెట్టు. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు నాలుగు ముక్కల్లో తేల్చేస్తావు, అందులో రెండు నా చెవికి ఎక్కవు. అందుకే ఉత్తరం.

ఇవాళ సామాన్ల గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దున్న తలుపు తియ్యగానే అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోశాను. రెండోది చల్లారిపోయాక నేనే తాగాను. అవసరమున్నవాళ్ళకి మన క్లబ్బు అరువిచ్చే సామాన్లన్నీ క్షేమం. నువ్వు పట్టపురాణి అని పేరు పెట్టిన వెడల్పాటి చక్రాల కుర్చీని బేకరీ ఆయన తల్లి కోసం తీసుకెళ్ళాడు. సణుగుడు కుర్చీ తిరిగి వచ్చింది. ఎడమ చక్రానికి ఎంత నూనె పోసినా దాని సణుగుడు దానిదే. మీ అన్నయ్య మాత్రం నేను చెబితే మానేశాడా? ఇదీ మీ వంశమే అనుకుని వదిలేశాను.

ఆదివారం మన అధ్యక్షుడు పళ్ళ డాక్టరు గారు కళ్ళ శిబిరం పెట్టించారు. చూసింది అరవై మందిని, తీసిన ఫోటోలు నూట ఇరవై. నన్నూ వచ్చి నిలబడమన్నారు. నేను ఫోటోల్లో నిలబడనని నీకు తెలుసుగా, చంకకర్రలు లెక్కపెట్టుకోవాలని చెప్పి లోపలికి వచ్చేశాను.

నీ పేరు బిళ్ళ బోర్డు మీద కొక్కేనికే ఉంది, నా బిళ్ళ పక్కనే. వచ్చినవాళ్ళు పేరు కనబడేట్టు బిళ్ళ తిప్పాలి, వెళ్ళేటప్పుడు వెనక్కి తిప్పాలి, మూడు నెలలు తిరగని బిళ్ళని సొరుగులో వేసి అక్టోబరు సమావేశంలో దాని మీద పేరు చెరిపి కొత్తవాళ్ళ పేరు రాయాలి. ఫోటోల రోజు మాత్రమే కనబడేవాళ్ళ కోసం నువ్వు పట్టుబట్టి పెట్టించిన రూలు ఇది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడ్డారన్న మాట రానీకు. తొమ్మిదేళ్ళుగా ఆ రెండు బిళ్ళలూ పక్కపక్కన వేలాడుతున్నాయి. ఇప్పుడు నా పక్కన కొత్త పేరు చూడమంటే నా వల్ల కాదు.

ఇక మీ అక్క. తుంటి ఎముక విరిగిందని పొరుగువాళ్ళు చెబితే పరుగెత్తావు, తప్పనను. పద్నాలుగేళ్ళ క్రితం మా ఇంట్లో అందరం కలిసి ఫోటో తీయించుకున్న రోజు అలిగి, చెప్పకుండా సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయిన మనిషి. సొంత తమ్ముడు, మీ అన్నయ్య, పోయినా రాని మనిషి. అయినా ఎముక విరిగితే ఎవరికైనా నొప్పి నొప్పే. ఎలా ఉందో రాయి. నేను అడిగానని మాత్రం చెప్పకు.

నీ వదిన


అక్క ఇల్లు, మేడ మీది గది,
మార్చి 3

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే కింద నుంచి అక్క "ఏమిటే ఆ నవ్వు, ఒక్కదానివీ?" అని కేకేసింది. నువ్వు రాశావని చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలీదు, అందుకని.

ఇల్లు చిన్నదే. కింద రెండు గదులు, పైన నాది. కిటికీలోంచి ఓడల మీదికి సరుకెత్తే పొడుగాటి యంత్రాలు కనబడతాయి. అక్క ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసింది కదా, వంటింట్లో డబ్బాలకి కూడా నంబర్లు వేసుకుంది. ఉప్పు ఏడు. ఏడు బదులు తొమ్మిది తెచ్చానని మొదటి రోజే తిట్టింది. అదే మేం పద్నాలుగేళ్ళ తర్వాత మాట్లాడుకున్న మొదటి మాట.

ఆ తర్వాత పది రోజులు "నీళ్ళు", "కిటికీ", "చాలు", అంతే. మొదటిసారి స్నానం చేయించినప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చింది. నొప్పికి కాదు. నేను వీపు రుద్దుతూ ఏమీ చూడనట్టు ఉన్నాను. ఇప్పుడు వాకర్ పట్టుకుని వంటింటి దాకా వెళ్తోంది. ఇంకో ఎనిమిది వారాలు మనిషి తోడు కావాలని డాక్టరు అన్నాడు. కాబట్టి వదినా, సంచీ సర్దడం కుదరదు.

చంకకర్రల మెత్తలు ఎన్ని ఉన్నాయి? నేను వచ్చేటప్పటికి బీరువా పై అరలో పదహారు కుట్టి పెట్టాను. అరిగినవి కనబడితే వెంటనే మార్చు. మెత్త కదిలితే మనిషి పడతాడు. అయిపోతే స్కూలు యూనిఫారాలు కుట్టే ఆయన్ని అడుగు. నువ్వు మాత్రం సూది ముట్టుకోకు. ముప్పై ఏళ్ళు పార్సిల్ కౌంటర్లో గోనెగుడ్డ కుట్టిన చెయ్యి నీది. కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి రావడం మీ పనితనం. నా పనితనం ఊడకపోవడం.

గురువారం వస్తే ఇక్కడ ఏం చెయ్యాలో తోచదు. పొద్దున్నే లేచి చెప్పులేసుకుంటాను, ఎక్కడికీ వెళ్ళేది లేదని అప్పుడు గుర్తొస్తుంది.

నీ మరదలు


క్లబ్బు వెనక గది,
గురువారం, మే 23

అమ్మాయ్,

ఎనిమిది వారాలన్నావు, పదకొండు దాటాయి. మీ ఊళ్ళో వారానికి ఎన్ని రోజులో కనుక్కుని రాయి.

నీ బిళ్ళ ఇంకా కొక్కేనికే ఉంది. మూడు నెలలు దాటాక ఎలా ఉందని అడక్కు, ఉంది. మెత్తలకీ కొదవ లేదు, వాటి సంగతీ అడక్కు.

పట్టపురాణి తిరిగి వచ్చింది. బేకరీ ఆయన తల్లి పోయింది. కుర్చీని శుభ్రంగా తుడిచి, చక్రాల్లో ఇరుక్కున్న దారప్పోగులు కూడా తీసి తెచ్చాడు. ఇచ్చేసి వెళ్ళకుండా కాసేపు దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. నువ్వుంటే ఏదో ఒకటి అనేదానివి. నాకు తోచక "టీ తాగుతారా" అన్నాను. నీ గ్లాసు ఆయనకిచ్చాను. నా ఎదురుగా మనిషి కూర్చుని టీ తాగి ఎన్నాళ్ళయిందో ఆయన తాగుతుంటే తెలిసింది. ఆయన అటు వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను. బేకరీ ఆయన తల్లి కోసమని నాకు నేను చెప్పుకున్నాను.

గడియారాలు బాగుచేసే ఆయన కాలు విరిగి చంకకర్రలు తీసుకెళ్ళాడు. "కుట్టుపని ఆవిడ చేసిన మెత్తలేనా?" అని అడిగి మరీ తీసుకున్నాడు. నీ పేరుకి అంత గిరాకీ.

రోజూ సాయంత్రం మన వీధి మలుపు దగ్గర నీ కుట్టు దుకాణం మూసిన తలుపు చూస్తూ వెళ్తాను. ఎవరో దాని మీద బడి ప్రకటన అంటించారు. గోకి తీసేశాను.

మీ అక్క ఏమన్నా అంటోందా ఆ ఫోటో గురించి? అంటే చెప్పు, పిలిచాం, రానన్నది తనే అని. ఆ రోజు అంతమంది సాక్షులున్నారు.

నీ వదిన


అక్క ఇల్లు,
జులై 9

వదినా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అక్క పరవాలేదు. ఇంకా కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

పగలంతా ఉక్క. సాయంత్రమైతే గాలి బాగుంటుంది. నిన్న అక్కా నేనూ రేవు దగ్గర దీపస్తంభం దాకా వెళ్ళి ఐస్‌క్రీము తిన్నాం. చిన్నప్పుడు నా ఐస్‌క్రీము పుల్ల కూడా లాక్కునేది, నిన్న తనదాంట్లో సగం నాకు పెట్టింది. తిరిగొస్తూ దారిపొడుగునా ఓడలు లెక్కపెట్టాం. తొమ్మిదని నేను, పదని తను.

మెత్తలకి కొదవ లేదన్నావు. పదహారు జతలా, పదహారు మెత్తలా అని నాకే అనుమానం వచ్చింది. పదహారు మెత్తలే. అంటే ఎనిమిది జతలు. ఈపాటికి అయిపోయి ఉండాలే?

ఒంట్లో జాగ్రత్త. త్వరలో వివరంగా రాస్తాను.

నీ మరదలు


ఇంటి నుంచి,
గురువారం రాత్రి, జులై 18

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరూ మీ అక్కగారూ దీపస్తంభం దాకా నడిచి వెళ్ళి, ఐస్‌క్రీము తిని, ఓడలు లెక్కపెడుతూ తిరిగి వచ్చారని తెలిసి ఎంతో సంతోషించాము. తుంటి ఎముక విరిగినవారిని ఇంత చక్కగా నడిపించిన ఆ డాక్టరు గారి చిరునామా మా క్లబ్బుకి పంపగలరు. మా చక్రాల కుర్చీలన్నీ అటకెక్కించేసుకుంటాము.

ఆవిడ ఎప్పటి నుంచి నడుస్తోందో రాయనక్కర్లేదు. నేను లెక్కపెట్టిన వారాల్లో ఎన్ని ఉత్తుత్తివో తెలుసుకుని ఏం చేసుకోను?

ఆడపడుచు అర్ధమొగుడంటారు. అసలు మొగుడు ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు. మీరైనా చెప్పి ఉంటారనుకున్నాను.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


అక్క ఇల్లు, మేడ మీది గది,
జులై 29

వదినా,

నువ్వు నన్ను తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని. "మీరు" అన్నావు. రెండు రోజులు అన్నం సయించలేదు.

నిజం రాస్తున్నాను. అక్క మే నెల మొదట్లోనే కర్ర లేకుండా నడిచింది. ఆ రోజే నేను సంచీ తీశాను. అక్క చూసింది. మర్నాడు పొద్దున్న లేచేసరికి టీ కప్పులు రెండు బల్ల మీద ఉన్నాయి. అప్పటిదాకా టీ నేనే పెట్టేదాన్ని. ఉండమని ఒక్కసారి కూడా అడగలేదు వదినా. అడిగితే కాదనేదాన్నేమో. రోజూ రెండు కప్పులు పెడుతుంది, అంతే. నేను సంచీని మంచం కిందకి తోసేశాను.

నీకెందుకు రాయలేదంటే, నువ్వు ఒప్పుకోవని. తమ్ముడు పోయినా రాని మనిషి దగ్గర ఏం పనే నీకు అంటావని. అది కూడా అడిగాను అక్కని. కబురు అందిందట. అందిన రోజే బయల్దేరిందట. మన ఊరి బస్టాండులో దిగి బెంచీ మీద రెండు గంటలు కూర్చుని అదే బస్సులో తిరిగి వచ్చేసిందట. "ఒకసారి పిలవని ఇంటికి రెండోసారి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?" అంది.

నేను ఊరుకోలేదు. "పిలవకపోవడమేమిటి? ఫోటో తీసేటప్పుడు వదిన వంటింట్లోకి వచ్చి నిన్ను పిలిచిందిగా, నువ్వే రానన్నావుగా" అన్నాను. అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత చేతిలో కప్పు తుడిచి మూడో నంబరు అరలో పెట్టింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

నాకు డెబ్బై రావడానికి ఆరేళ్ళుంది, అక్కకి డెబ్బై దాటి మూడేళ్ళయింది. ఎన్ని టీలు మిగిలాయో ఎవరికి తెలుసు? ఇక్కడుంటే నువ్వు గుర్తొస్తావు. వచ్చేస్తే ఆ రెండో కప్పు గుర్తొస్తుంది. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు. తిట్టినా సరే, "నువ్వు" అని తిట్టు.

నీ మరదలు


క్లబ్బు వెనక గది,
గురువారం, ఆగస్టు 22

నువ్వు, నువ్వు, నువ్వు. సరేనా?

నాకు నిన్ను తిట్టే అర్హత లేకుండా పోయింది. నిజం నిలకడ మీద తేలుతుందంటారు, మా దగ్గర అది చంకకర్ర మీద తేలింది.

నువ్వు వెళ్ళిన రెండో గురువారం నీ బిళ్ళ తిప్పాను. పొరపాటునే. మూడో గురువారం తిప్పినది పొరపాటు కాదు. ఏప్రిల్లో పళ్ళ డాక్టరు గారు "కుట్టుపని ఆవిడ తిరిగొచ్చారా?" అంటే "వచ్చింది, గురువారాలు వచ్చి కుట్టి వెళ్తోంది" అన్నాను. గురువారం ఈ గదిలోకి క్లబ్బు వాళ్ళలో మన ఇద్దరం తప్ప ఎవరొస్తారు? పనుల పుస్తకంలో నీ పేరు కింద "మెత్తలు నాలుగు" అని రాశాను. రాశాక నాలుగు మెత్తలు ఉండాలి కదా. కుట్టాను. నువ్వు ముట్టుకోవద్దన్న సూదితోనే.

గడియారాల ఆయన పోయిన సోమవారం తన కొట్టు మెట్ల మీద పడ్డాడు. మెత్త దారం కొస దేనికో తగులుకుని, ఒక్క లాగుకి మొత్తం ఊడి వచ్చిందట. మణికట్టు బెణికింది. దేవుడి దయ, విరగలేదు. కుట్టు ఊడిన మెత్త చేత్తో పట్టుకుని వచ్చి "ఆవిడ పనితనం ఇలా అయిపోయిందేమండీ, కళ్ళు కనబడటం లేదా?" అన్నాడు. నిన్నన్నాడు. ఎదురుగా నిలబడి విన్నాను. నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

ఇవాళ పళ్ళ డాక్టరు గారే వచ్చారు, నీతో మాట్లాడాలని. గురువారం ఆయన ఈ గడప తొక్కడం ఇదే మొదలు. "ఆవిడేరీ?" అన్నారు. "ఇప్పుడే వెళ్ళింది" అన్నాను. ఆయన బోర్డు మీద నీ బిళ్ళ చూశారు. బల్ల మీద రెండు గ్లాసులు చూశారు. నీ గ్లాసు నిండుగా, మీగడ కట్టి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని ఆ చల్లారిన టీ మొత్తం తాగేశారు. "ఎన్నాళ్ళయింది ఆవిడ వెళ్ళి?" అన్నారు. చెప్పాను. ఏడుస్తూనే అన్నీ చెప్పాను. ఆయన ఫోటోల గురించి నేను వేసిన జోకులన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చి సిగ్గేసింది.

"నాతో చెప్పారు, సరే. వాచీల ఆయనతోనూ చెప్పాలి కదండీ" అన్నారు. వెళ్ళి చెప్పాను. కట్టు కట్టిన చేత్తోనే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "మనిషి లేకుండా ఆ మనిషి పని ఉంటుందా అమ్మా?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నీ పేరు చెడగొట్టాను. నిన్ను ఇక్కడ ఉంచుకోవాలని చేసిన పని అది.

వదిన


అక్క ఇల్లు,
సెప్టెంబరు 1

వదినా,

పార్సిల్ కుట్టు! ఇరవై నాలుగేళ్ళు నేను పెంచుకున్న పేరుకి పార్సిల్ కుట్టు వేశావు! ఉత్తరం చదివి గదిలో నాలుగు చుట్లు తిరిగాను. పాపం ఆ గడియారాల ఆయన. చేతిపనితో బతికే మనిషికి మణికట్టు బెణికితే ఎంత కష్టం? నువ్వు నా ఎదురుగా ఉంటే నీ చెయ్యి మీద ఒక్కటేసేదాన్ని.

తర్వాత నీ బల్ల మీద నిండు గ్లాసు గుర్తొచ్చింది. ఏడు నెలలు ప్రతి గురువారం పోశావా? ఇక కోపం ఎక్కడ నిలుస్తుంది?

దీంతో పాటు ఇరవై మెత్తలు పంపుతున్నాను. ఇక్కడ అక్క పాత మిషను ఉంది, దాని మీద కుట్టాను. మొదటి జత గడియారాల ఆయనకి ఇవ్వు, నా తరఫున క్షమించమని చెప్పు. నీ తరఫున కూడా. పాతవన్నీ ఇళ్ళ నుంచి వెనక్కి తెప్పించు, ఒక్కటి కూడా బయట ఉండటానికి వీల్లేదు.

ఇక నా బిళ్ళ. రూలు నాదే, కాబట్టి నా నోటితోనే చెబుతున్నాను. సమావేశంలో అందరికీ చెప్పి సొరుగులో వెయ్యి. బోర్డు మీద మన కొక్కేల కింద గోడ రంగు పోయి, మన భుజాలు తగిలి తగిలి నున్నగా అయిన చోటు కళ్ళ ముందు కనబడుతోంది. సణుగుడు కుర్చీ చప్పుడు కూడా వినాలనిపిస్తోంది. అది వినాలనుకునే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నువ్వు ఇక్కడికి రారాదూ అని రాయబోయి ఆగాను. రావు. నాకు తెలుసు.

నీ మరదలు


క్లబ్బు వెనక గది,
గురువారం, సెప్టెంబరు 19

అమ్మాయ్,

ఈ చిన్న పార్సిల్ నేనే కుట్టాను. ఎర్ర దారం కొస పట్టుకుని లాగు, మొత్తం ఊడి వస్తుంది. నా కుట్టు పనికొచ్చే చోటు ఇదొక్కటే.

లోపల నీ బిళ్ళ ఉంది. ఆదివారం అందరి ముందూ నిలబడి చెప్పాను. బిళ్ళ సొరుగులో వెయ్యమని నా చేతికే ఇచ్చారు. సొరుగు తెరిచాను, మూశాను, బిళ్ళ నా సంచీలో వేసుకున్నాను. పళ్ళ డాక్టరు గారు చూశారు. అటు తిరిగి దగ్గారు. నీ పేరు మీద ఇంకొకరి పేరు రాయనివ్వను. అక్కడే ఎక్కడైనా మేకు కొట్టి తగిలించుకో. ఇక్కడ రోజూ దాన్ని తిప్పి, నువ్వున్నావని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. చాలు. ఆ రెండో కప్పు టీ తాగు, చల్లారనివ్వకు.

నీ మెత్తలు గడియారాల ఆయనకి ఇచ్చాను. వేలితో కుట్టు తడిమి చూసి "ఇది ఆవిడది" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. గడియారాల ఆయన నిన్ను తప్పు పడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను కదా. అలా నిలబడటం నాకు అదే మొదటిసారి కాదు.

ఫోటో రోజు మీ అన్నయ్య "వెళ్ళి అక్కని పిలుచుకు రా" అని నన్ను పంపాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ నాకు వీపు పెట్టి కప్పులు కడుగుతోంది. ఆ పొద్దున్నే నేను కుట్టించిన కర్టెన్లు చూసి "ఇంత ముదురు రంగేమిటి, ఇల్లు గుహలా ఉంది" అంది. అంతే, అది మనసులో పెట్టుకున్నాను. పిలవలేదు పెద్ద వదినని. గుమ్మం లోంచే తిరిగి వచ్చి "రానంటోంది" అన్నాను. ఒక్క నిమిషం పని. సాయంత్రం నచ్చజెప్పుకుందాం అనుకున్నాను. సాయంత్రానికి ఆవిడ బస్సెక్కేసింది. తర్వాత రోజూ చెబుదామనుకున్నాను, రోజూ కొంచెం కష్టమైంది. మీ అన్నయ్య అక్క మీద కోపంతోనే పోయాడు. ఆ కోపం నేనిచ్చింది.

ఆవిడ మన ఊరి బస్టాండులో రెండు గంటలు కూర్చుందని నువ్వు రాసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. లేని మనిషిని వచ్చిందని ఏడు నెలలు రాశాను. ఉన్న మనిషిని రానందని పద్నాలుగేళ్ళు చెప్పాను.

ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించు. ఏమన్నా పడతాను. ఏమీ అనకపోయినా పడతాను. నువ్విక నాకు రాయకపోయినా అర్థం చేసుకుంటాను, కానీ రాయి.

వదిన


అక్క ఇల్లు,
సెప్టెంబరు 28

వదినా,

మొదట నాకు చాలా కోపం వచ్చింది. అది దాచను. అన్నయ్య పోవడానికి కొన్నాళ్ళ ముందు "అక్క రాలేదేం" అని రెండుసార్లు అడిగాడు. నీకూ గుర్తుంటుంది. మూడు రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని, అక్కకి చదవాలా వద్దా అని కొట్టుమిట్టాడాను.

నిన్న పొద్దున్న టీ తాగేటప్పుడు చదివాను. అక్క కప్పు కింద పెట్టకుండా విన్నది. అయిపోయాక "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వాళ్ళ వంటింటి కిటికీ మీరు ఫోటోకి నిలబడ్డ వసారాలోకే కదే. 'రానంటోంది' అని తను చెప్పడం నాకు వినబడింది. చెయ్యి తుడుచుకుని వద్దామనుకుంటూనే ఉన్నాను అప్పటికి."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు? జులైలో నేను నీ మీదే తప్పు వేస్తే కూడా ఊరుకున్నావు!"

"నేను చెబితే అది నా మాటవుతుంది. తను చెప్పాలి. చెబుతుందేమోనని చూశాను." అప్పుడు కప్పు కింద పెట్టి, "కర్టెన్లు నిజంగానే బాగాలేవు. కానీ అది నేను అనకుండా ఉండాల్సింది" అంది.

నువ్వు పంపిన బిళ్ళ చేత్తో పట్టుకుని వెనకా ముందూ తిప్పి చూసింది. ఇదేమిటని అడిగింది. కొక్కేలూ, గురువారాలూ, సామాన్ల గదీ అన్నీ చెప్పాను. అక్క వాకర్ ఐదు నెలలుగా మెట్ల కింద ఊరికే పడి ఉంది. "ఇది ఎవరికైనా ఇవ్వచ్చన్నమాట" అంది. పక్కవీధిలో రేవు కూలీ ఒకాయన నడుం దెబ్బ తగిలి పడుకున్నాడు, సాయంత్రం మేమిద్దరం మోసుకెళ్ళి ఇచ్చాం. నేను పిడులకి మెత్తలు కుట్టాను. అక్క దానికి ఒకటి అని నంబరు వేసి చీటీ కట్టింది.

తిరిగొచ్చాక సుత్తి తెచ్చి గుమ్మం పక్కన తనే మేకు కొట్టి నా బిళ్ళ తగిలించింది. తర్వాత జానెడు దూరంలో ఇంకో మేకు కొట్టింది. అది తనకేమో అనుకుని "నీకూ బిళ్ళ చేయిస్తాను" అన్నాను.

"ఇది నాకు కాదు. మీ వదినకి" అంది. "వస్తే తగిలించుకుంటుంది. రాకపోతే గొడుగుకి పనికొస్తుంది."

నీ మరదలు


క్లబ్బు వెనక గది,
గురువారం, అక్టోబరు 3

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం గురువారమే వచ్చింది. టీ పోసుకుని చదివాను, ఒక్క గ్లాసే పోసుకున్నాను. నాలుగుసార్లు చదివేసరికి అదీ చల్లారిపోయింది.

వచ్చే గురువారానికి సామాన్ల గది తాళాలు పళ్ళ డాక్టరు గారికి అప్పగించాను. తొమ్మిదేళ్ళలో నేను మానబోయే మొదటి గురువారం. సణుగుడు కుర్చీని ఎలా తోయాలో ఆయనకి రెండుసార్లు చూపించాను. ఫోటో తీసుకోమని కూడా చెప్పాను. గడియారాల ఆయన తోడు కూర్చుంటానన్నాడు.

నా బిళ్ళ కొక్కెం నుంచి తీసి సంచీలో వేసుకున్నాను. మూడు నెలల్లోపు తిరిగొచ్చి ఇక్కడ తగిలించకపోతే సొరుగులోకి పోతుంది. రూలు నీదే కాబట్టి ఏడ్చినా లాభం లేదు, అప్పుడు నువ్వే తీసుకొచ్చి దింపాలి.

బుధవారం పొద్దున్న బస్సు. సాయంత్రానికి దిగుతాను. బస్టాండుకి ఎవరూ రావద్దు. పెద్ద వదిన ఒక్కతీ కూర్చున్న చోటు మన ఊళ్ళో ఉంటే, మీ ఊళ్ళో నేనూ కాసేపు ఒక్కదాన్నే కూర్చుని వస్తాను.

ఒక్క పని చేసి పెట్టు. మీ వీధిలో ఫోటో తీసేవాళ్ళుంటే గురువారం పొద్దున్నకి ఇంటికి రమ్మను. ఈసారి నేనూ నిలబడతాను. పెద్ద వదిన వంటింట్లో కప్పులు కడుగుతుంటే నువ్వు కదలకు. పిలవడానికి నేనే వెళ్తాను.

మీ వదిన